ఓటీపీ చెప్తే సంతకం పెట్టినట్టే



ఫోన్‌కి ఒక మెసేజ్ వస్తుంది. అందులో ఆరు అంకెలు ఉంటాయి. ఎదురుగా కూర్చున్న ఏజెంటు "ఆ నంబరు చెప్పండి సార్, పని అయిపోతుంది" అంటాడు. మనం చెప్పేస్తాం. ఏ పని అయిపోయిందో చాలాసార్లు మనకు తెలియదు. లోను డబ్బు ఖాతాలో పడుతుంది. ఆర్నెల్ల తర్వాత వడ్డీ దగ్గర పేచీ వస్తుంది. "నేనెక్కడా సంతకం పెట్టలేదే!" అంటాం. పెట్టాం. ఆ ఆరు అంకెలు చెప్పినప్పుడే పెట్టాం.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. ఫోన్‌లో ఒప్పుకున్న మాట చట్టం ముందు మాటే. పద్ధతి ప్రకారం ఫోన్‌లో పెట్టిన సంతకం సంతకమే. స్టాంపు కాగితం ముందు పెట్టినప్పుడు మనం ఎంతసేపు ఆగుతామో, ఫోన్ దగ్గర కూడా అంతసేపు ఆగాలి.

ఇదేమీ కొత్త చట్టం కాదు. సమాచార సాంకేతిక చట్టం, వాడుకలో ఐటీ చట్టం, 2000 అక్టోబరు 17న అమల్లోకి వచ్చింది. అప్పటికి మన ఊళ్లలో చాలామందికి ఫోన్ అంటే ఎస్టీడీ బూతే. అంతకు నాలుగేళ్ల ముందు, 1996లో, ఐక్యరాజ్య సమితి వాణిజ్య చట్టాల సంఘం ఎలక్ట్రానిక్ వ్యాపారం కోసం ఒక నమూనా చట్టం తయారుచేసింది. మన చట్టం దాన్ని దగ్గర పెట్టుకుని రాసుకున్నదే. సారం చాలా చిన్నది. ఏదైనా చట్టం "ఇది రాతలో ఉండాలి" అంటే, అది కంప్యూటర్‌లో ఉన్నా చాలు. మళ్ళీ తీసి చూసుకోవడానికి వీలుండాలి, అంతే. ఏదైనా చట్టం "దీని మీద సంతకం ఉండాలి" అంటే, ప్రభుత్వం ఒప్పుకున్న పద్ధతిలో పెట్టిన ఎలక్ట్రానిక్ సంతకం చాలు.

ప్రభుత్వం ఒప్పుకున్న పద్ధతిలో. ఈ మాట దగ్గర కాస్త ఆగండి. చాలామంది తెల్లకాగితం మీద సంతకం చేసి, దాన్ని ఫోటో తీసి, పీడీఎఫ్‌లో అతికిస్తారు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. చట్టం చెప్పే ఎలక్ట్రానిక్ సంతకం మాత్రం అది కాదు. అది సంతకం బొమ్మ. ఇవాళ మీరు అతికించారు, రేపు ఎవరైనా అతికించవచ్చు.

సరే, సంతకం సంగతి తర్వాత. అసలు సంతకమే అక్కర్లేని వ్యవహారాలు చాలా ఉన్నాయి. వాటి గురించి ముందు చెప్తాను.

వరంగల్‌లో ఒక బట్టల షాపు ఉందనుకుందాం. ఆ యజమాని సూరత్ వ్యాపారికి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు. "మొన్న చూపించిన చీరలు అయిదు వందలు కావాలి. ఒక్కొక్కటి 320 రూపాయలు. పదో తేదీకి చేరాలి." అవతలి నుంచి "సరే, పంపుతున్నాం" అని జవాబు వచ్చింది. కాగితం లేదు, స్టాంపు లేదు, సంతకం లేదు. ఒప్పందం కుదిరిందా? కుదిరింది. మన కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. ఇద్దరూ మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి, ఇద్దరికీ ఒప్పుకునే అర్హత ఉండాలి, చేసే పని చట్టబద్ధమైనదై ఉండాలి. ఆ చట్టం అడిగేవి ముఖ్యంగా ఇవే. ఐటీ చట్టానికి 2008లో చేసిన సవరణ, 2009 అక్టోబరు నుంచి, దీన్ని ఇంకా స్పష్టం చేసింది. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందాన్ని చెల్లదనడానికి లేదు.

సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఒక కేసు చూడండి. ట్రైమెక్స్ అనే కంపెనీ ఆస్ట్రేలియా నుంచి బాక్సైట్ తెచ్చి వేదాంత అల్యూమినియంకి సరఫరా చేయాలి. బేరమంతా ఈమెయిళ్లలోనే సాగింది. పద్ధతిగా రాసుకోవాల్సిన పెద్ద కాంట్రాక్టు మీద సంతకాలు కాలేదు. తర్వాత పేచీ వచ్చింది. అసలు ఒప్పందమే పూర్తికాలేదని కొనేవాళ్ల వాదన. 2010లో కోర్టు ఒప్పుకోలేదు. ముఖ్యమైన షరతులన్నీ ఈమెయిళ్లలో తేలిపోయాయి, ఒప్పందం కుదిరినట్టే అంది. అయిదు ఓడల సరుకు వ్యవహారమే ఈమెయిళ్ల మీద నిలబడింది. అయిదు వందల చీరల సంగతి వేరే చెప్పాలా?

మరి ఆ షాపు యజమాని "నేను జవాబు చదవలేదు" అంటే? నీలం టిక్కులు పడలేదని చూపిస్తే? చట్టం నీలం టిక్కుల కోసం చూడదు. పంపినవాడి అదుపు దాటి సందేశం బయటికి వెళ్తే పంపినట్టు. మీరు ఇచ్చిన నంబరుకో, మెయిల్‌కో అది చేరితే అందినట్టు. మీరు ఎప్పుడు తెరిచి చదివారన్నది దాన్ని బట్టి మారదు. పాత రోజుల్లో రిజిస్టర్డ్ ఉత్తరం వస్తే ఇంట్లో లేనని చెప్పించేవాళ్లు ఉండేవారు. ఇక్కడ ఆ ఎత్తు పారదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. తొమ్మిదో తరగతి అబ్బాయి తండ్రి ఫోన్‌లో ఆట ఆడుతూ ఏదో కొనేశాడు. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు చేసుకున్న ఒప్పందం మన చట్టంలో చెల్లదు. పైగా, సందేశం ఎవరి పేరున వెళ్లిందో అతను గానీ, అతను అధికారం ఇచ్చిన మనిషి గానీ, అతను పెట్టుకున్న యంత్రం గానీ పంపితేనే ఆ సందేశం అతనిది అవుతుంది. చట్టం ఇంత న్యాయంగానే ఉంది. కానీ ఫోన్ మీది. నంబరు మీది. ఓటీపీ మీకే వచ్చింది. నొక్కింది నేను కాదు, మా అబ్బాయి అని చూపించుకునే తిప్పలు మీవే అవుతాయి. ఫోన్‌కి ఒక తాళం, డబ్బు చెల్లించే యాప్‌కి వేరే తాళం పెట్టుకుంటే ఈ తిప్పలు ఉండవు.

ఇప్పుడు సంతకం దగ్గరికి వద్దాం. చట్టం ఒప్పుకున్న పద్ధతుల్లో మనకు ఎదురయ్యేవి రెండు. ఒకటి డాంగిల్. రెండోది ఆధార్ ఇ-సైన్.

డాంగిల్ చూడటానికి పెన్‌డ్రైవ్‌లా ఉంటుంది. ఆడిటర్ల దగ్గర, కాంట్రాక్టర్ల దగ్గర, పంచాయతీ ఆఫీసుల్లో చూసే ఉంటారు. డిజిటల్ కీ అని కూడా అంటున్నారు. అందులో రహస్యమైన తాళం చెవి ఒకటి ఉంటుంది. అది ఆ మనిషి ఒక్కడిది. దానికి జతగా ఇంకో చెవి ఉంటుంది, అది లోకానికంతా తెలిసిందే. రహస్యపు చెవితో వేసిన ముద్ర నిజమో కాదో ఆ రెండో చెవితో ఎవరైనా సరిచూసుకోవచ్చు. ఈ రెండో చెవి ఫలానా మనిషిదేనని సర్టిఫికెట్ ఇచ్చే సంస్థలు ఉంటాయి. వాటికి లైసెన్సు ఇచ్చే అధికారి ఢిల్లీలో ఉంటారు, కంట్రోలర్ ఆఫ్ సర్టిఫయింగ్ అథారిటీస్ అంటారు. హైదరాబాద్‌లో మాసాబ్ ట్యాంక్ దగ్గరున్న ఐడీఆర్‌బీటీ కూడా బ్యాంకుల కోసం ఇలాంటి సర్టిఫికెట్లు ఇచ్చిన సంస్థే.

ఈ ముద్ర ఎలా పనిచేస్తుందో ఆవకాయ జాడీ చెప్తుంది. పెద్దవాళ్లు జాడీ మూతికి గుడ్డ వేసి వాసెన కట్టేవారు. ఆ ముడి ఆ కట్టినావిడకే తెలిసిన ముడి. ఎవరైనా విప్పి, రెండు ముక్కలు తీసుకుని, మళ్ళీ ఎంత జాగ్రత్తగా కట్టినా ఆవిడ చూడగానే పట్టేసేది. డిజిటల్ సంతకం అలాంటి ముడి. ఇది ఎవరు కట్టారో చెప్తుంది. కట్టాక ఎవరైనా చెయ్యి పెట్టారేమో కూడా చెప్తుంది. లక్ష రూపాయల అంకెలో ఒక్క సున్నా మార్చినా, ఒక్క చుక్క తీసేసినా ముడి తేడా కొడుతుంది. పెన్నుతో పెట్టిన సంతకానికి ఈ గుణం లేదు. చివరి పేజీలో సంతకం అలాగే ఉంచి, మధ్యలో పేజీ మార్చేసిన దస్తావేజుల మీద మన కోర్టుల్లో ఎన్ని వ్యాజ్యాలు నడిచాయో వకీళ్లని అడగండి.

అంత గట్టి సంతకాన్ని మనవాళ్లు ఏం చేస్తున్నారు? డాంగిల్ తీసుకెళ్లి ఆడిటరు ఆఫీసులో గుమస్తా సొరుగులో పెడుతున్నారు. పిన్ నంబరు దాని మీదే చీటీ అంటించి పెడుతున్నారు. ఇది నాకు అసలు మింగుడుపడని అలవాటు. ఖాళీ చెక్కుల పుస్తకం మీద సంతకాలన్నీ పెట్టి ఎవరికైనా ఇస్తామా? చట్టం చాలా సూటిగా చెప్పింది. మీ తాళం చెవిని మీ అదుపులో ఉంచుకోవడం మీ బాధ్యత. అది చెయ్యి జారితే వెంటనే సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థకు చెప్పాలి. చెప్పేవరకు జరిగినదానికి జవాబుదారీ మీరే. ఇది నలభై రెండో సెక్షన్. సెక్షన్ నంబర్లు గుర్తుపెట్టుకోమని నేను సాధారణంగా అడగను. డాంగిల్ ఉన్నవాళ్లు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి.

రెండోది ఆధార్ ఇ-సైన్. 2015లో దీన్ని చట్టం జాబితాలో చేర్చారు. మామూలు మనిషికి తగిలేది ఎక్కువగా ఇదే. లోన్ యాప్‌లో, డీమ్యాట్ ఖాతా తెరిచేటప్పుడు, అద్దె ఒప్పందంలో ఇదే వాడతారు. మీ ఆధార్ నంబరు ఇస్తారు. ఆధార్‌కి జతచేసిన ఫోన్‌కి ఓటీపీ వస్తుంది. లేదంటే వేలిముద్ర అడుగుతారు. ఓటీపీ కొట్టగానే తెర వెనక మీ పేరు మీద తాళం చెవుల జత పుడుతుంది. కాగితం మీద సంతకం పడుతుంది. రహస్యపు చెవి అక్కడికక్కడే నాశనమవుతుంది. ఆ సంతకానికి ఇచ్చిన సర్టిఫికెట్ ఆయుష్షు అరగంటకు మించదు. అరగంట తర్వాత సంతకం చెల్లదేమో అని కొందరి అనుమానం. అలా ఏమీ లేదు. సంతకం పెట్టిన నిమిషానికి సర్టిఫికెట్ బతికుంటే చాలు, ఆ సంతకం నిలుస్తుంది.

పాత దస్తావేజుల్లో ఒక మంచి పద్ధతి ఉండేది. రాసిచ్చే మనిషికి చదువు రాకపోతే, లేఖరి మొత్తం చదివి వినిపించేవాడు. చదివి వినిపించామని, విని ఒప్పుకుని నిశాని వేశారని చివర్లో ఒక వాక్యం రాసేవాడు. పక్కన సాక్షులు ఉండేవారు. ఫోన్ మనకు ఏదీ చదివి వినిపించదు. ఇరవై పేజీల ఇంగ్లీషు చూపించి, కింద చిన్న డబ్బాలో టిక్కు పెట్టమంటుంది. ఒక్కోసారి ఆ టిక్కు కూడా అదే పెట్టి ఉంచుతుంది. చట్టం ఫోన్ సంతకానికి కాగితం సంతకంతో సమానమైన పీట వేసింది గానీ, ఆ లేఖరిని ఎక్కడో దారిలో వదిలేసింది. ఇది నా ఫిర్యాదు.

ఉన్నంతలో ఆ లేఖరి పని చేసేది ఓటీపీ మెసేజే. అందులో అంకెల పక్కన ఒకటి రెండు వాక్యాలు ఉంటాయి. ఇది ఎవరి కోసం, దేని కోసం అని చాలాసార్లు అందులోనే ఉంటుంది. మనం అంకెలు చూస్తాం, ఆ వాక్యం చూడం. అంకెలు తర్వాత చూడండి. ముందు ఆ వాక్యం చదవండి. ఇంగ్లీషు రాకపోతే ఇంట్లో పిల్లల చేత చదివించుకోండి. ఇ-సైన్ అనో, లోన్ అనో, ఆధార్ అనో కనిపిస్తే ఆగండి. మీ ముందున్న పని అది కాకపోతే ఆ అంకెలు చెప్పకండి.

ఇక ఫోన్ సంతకం చెల్లని చోట్లు చూద్దాం. మన ఇళ్లలో గొడవలు ఎక్కువగా వచ్చేది వీటి దగ్గరే.

ప్రోనోటు. పక్కింటాయనకు యాభై వేలు చేబదులు ఇచ్చారు. ప్రోనోటు ఫోన్‌లో రాయించుకుందామంటే కుదరదు. తెల్లకాగితం కావాలి, రెవెన్యూ స్టాంపు కావాలి, పెన్ను కావాలి. 2022 సెప్టెంబరులో కేంద్రం కొంత సడలించింది. రిజర్వు బ్యాంకు వంటి నియంత్రణ సంస్థల కింద ఉన్న బ్యాంకులకు, ఫైనాన్సు కంపెనీలకు రాసిచ్చే డిమాండ్ ప్రోనోటు ఎలక్ట్రానిక్‌గా ఉండొచ్చు. పక్కింటాయనకు ఆ వెసులుబాటు లేదు. అలాగని ఆయన వాట్సాప్‌లో "మీ యాభై వేలు సంక్రాంతికి ఇచ్చేస్తాను" అని పెట్టిన మెసేజ్ చెరిపేయకండి. అది ప్రోనోటు కాదు గానీ, సాక్ష్యంగా పనికొస్తుంది.

వీలునామా. ఆసుపత్రి మంచం మీది నుంచి వీడియో తీసి "ఇదే నా వీలునామా" అనేవాళ్లు ఉన్నారు. చెల్లదు. వీలునామా కాగితం మీద ఉండాలి. రాసినవారి సంతకమో నిశానో ఉండాలి. కనీసం ఇద్దరు సాక్షులు సంతకాలు చేయాలి. ట్రస్టు పత్రం కూడా ఐటీ చట్టం పరిధిలోకి రాదు.

జీపీఏ, అంటే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న అబ్బాయి, గుంటూరులో ఉన్న స్థలం అమ్మడానికి తండ్రికి అధికారం ఇవ్వాలి. ఇ-సైన్ చేసి మెయిల్ పెడితే కుదరదు. అక్కడ భారత కాన్సులేట్‌లో గానీ నోటరీ ముందు గానీ కాగితం మీద సంతకం చేసి, ఆ కాగితాన్నే పంపాలి. అది ఇక్కడికి చేరిన 3 నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టాలి. ఈ గడువు తెలియక ఇబ్బంది పడేవాళ్లు చాలామంది.

ఇక భూమి. స్థిరాస్తి అమ్మకపు ఒప్పందాలను 2022 సవరణలో, ఫోన్ సంతకం చెల్లని పత్రాల జాబితా నుంచి తీసేశారు. అయితే దీన్ని పట్టుకుని ఫోన్‌లోనే ఇల్లు కొనేయొచ్చు అనుకోకండి. 100 రూపాయలు, ఆ పైన విలువున్న స్థిరాస్తి అమ్మకం రిజిస్టరైన దస్తావేజుతోనే జరగాలని వేరే చట్టం ఉంది. అది మారలేదు. స్టాంపు డ్యూటీ కూడా కాగితానికి ఉన్నట్టే ఫోన్‌లో రాసుకున్న ఒప్పందానికీ ఉంటుంది.

పేచీ వచ్చి కోర్టుకు వెళ్తే ఏం చూపిస్తాం? చాలామంది స్క్రీన్‌షాట్ తీసి, జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి తీసుకెళ్తారు. అది కాపీ మాత్రమే. కాపీ పెట్టాలంటే దానికి తోడు ఒక సర్టిఫికెట్ ఉండాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2020లో మళ్ళీ గట్టిగా చెప్పింది. 2024 జులై 1 నుంచి పాత సాక్ష్య చట్టం పోయి భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. ఇప్పుడు ఆ సర్టిఫికెట్‌లో రెండు భాగాలు. మొదటిది ఫోన్ లేదా కంప్యూటర్ వాడుతున్న మనిషి ఇవ్వాలి. రెండోది నిపుణుడు ఇవ్వాలి. వకీలు చూసుకుంటారు, మీరు కంగారు పడక్కర్లేదు. మీరు చేయాల్సింది ఒక్కటే. ఆ ఫోన్‌ని, అందులో ఉన్న మెసేజ్‌ని అలాగే ఉంచండి. పేచీ నడుస్తుండగా ఫోన్ మార్చి, పాతది ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేస్తే సాక్ష్యం కూడా దాంతోపాటే వెళ్లిపోతుంది.

పీడీఎఫ్ విషయంలోనూ ఇంతే. డిజిటల్ సంతకం ఫైల్‌లో ఉంటుంది. ప్రింటు తీస్తే కాగితం మీదికి వచ్చేది దాని బొమ్మే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో మీసేవ మొదలైనప్పటి నుంచి మనం డిజిటల్ సంతకం ఉన్న సర్టిఫికెట్లు వాడుతూనే ఉన్నాం. ఆ కాగితం మీదున్న నంబరుతో వెబ్‌సైట్‌లో సరిచూసుకునే వీలు పెట్టింది ఇందుకే. ఒక్కోసారి ఫైల్ తెరిస్తే సంతకం పక్కన పసుపుపచ్చ ప్రశ్నార్థకం కనిపిస్తుంది. దొంగ కాగితం అని భయపడకండి. సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థ మీ కంప్యూటర్‌కి ఇంకా పరిచయం లేదని దాని అర్థం. ఫైల్‌లో మార్పు జరిగిందని ఎర్ర గుర్తు వస్తే మాత్రం ఆలోచించాలి.

ఫోన్‌లో అప్పు తీసుకున్నవాళ్లకి ఇంకో మాట. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, లోను ఒప్పందం కాగానే వడ్డీ, ఖర్చులు, షరతులు ఉన్న కాగితాలు డిజిటల్ సంతకంతో మీ మెయిల్‌కో ఫోన్‌కో వాటంతటవే రావాలి. రాకపోతే అడగండి. వద్దనుకుంటే వెనక్కి తగ్గడానికి కొంత గడువు కూడా ఇవ్వాలి. 2025 నిబంధనల్లో అది కనీసం ఒక రోజు. ఆ లోపల అసలు, ఆ కొద్ది రోజుల ఖర్చు కట్టేస్తే జరిమానా లేకుండా బయటపడొచ్చు. ఈ సంగతి ఏజెంటు తనంత తాను చెప్పడు.

మోసం చేసి ఓటీపీ చెప్పిస్తే? మోసంతో, బెదిరింపుతో కుదిర్చిన ఒప్పందాన్ని రద్దు చేయించుకునే హక్కు 1872 నుంచీ ఉంది. ఇంకొకరి ఎలక్ట్రానిక్ సంతకాన్ని గానీ, పాస్‌వర్డ్‌ని గానీ దురుద్దేశంతో వాడితే మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. కానీ కేసు తేలేవరకు డబ్బు ఆగదు కదా. అందుకే తొందరపడాలి. 2017లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల్లో మూడు పనిదినాల గడువు ఉంది. మీ తప్పు, బ్యాంకు తప్పు లేకుండా ఎవరో డబ్బు కాజేస్తే, ఆ మూడు రోజుల్లో చెప్పినవారికి నష్టం ఉండదు. ఓటీపీ మీరే చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలియజేసేవరకు పోయినది మీది. తెలియజేశాక పోయేది బ్యాంకుది. కాబట్టి సిగ్గుపడి దాచుకోకండి. బ్యాంకుకు చెప్పండి. 1930కి ఫోన్ చేయండి. ఒకటి, తొమ్మిది, మూడు, సున్నా.

ఇంగ్లీషులో ఉన్న ఒప్పందం అర్థం కాక, వకీలు ఫీజుకు భయపడి ఊరుకున్నవాళ్లు మీలో ఉంటే, ప్రతి జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంది. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, తక్కువ ఆదాయం ఉన్నవారికి అక్కడ ఉచితంగా సహాయం చేస్తారు. ఫోన్ నంబరు 15100. ఒకటి, అయిదు, ఒకటి, సున్నా, సున్నా. రాసుకోండి. సంతకం పెట్టాకే వెళ్లాలని లేదు, పెట్టకముందు కూడా వెళ్లి అడగొచ్చు.